గులాబీ ప్లేటులో కారమెల్ టార్ట్

మా ఇంట్లో ఒక ప్లేటు ఉండేది. ఉండేది అంటే పూర్తిగా నిజం కాదు. సగం రోజులు మా ఇంట్లో, సగం రోజులు పక్కింట్లో ఉండేది. తెల్లటి పింగాణీ పూత పూసిన రేకు ప్లేటు. అంచు చుట్టూ నీలం గీత, నడుమ అరచెయ్యంత ఎర్రగులాబీ. పప్పు పోసినా ఒలకనంత లోతు. అది అసలు ఎవరిదో ఎవరికీ తెలియదు. పక్కింటి ఆపాది అని అమ్మ అనేది. కాదు, అది అమ్మదేనని ఆవిడ కళ్ళమీద ఒట్టేసి చెప్పేది.

డెబ్బయ్యో దశకంలో హైదరాబాదు ఉప్పుగూడ సంగతి ఇది. మా బాపు కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. పక్కింటాయనకు మా గల్లీ మొదట్లో గడియారాలు బాగుచేసే చిన్న డబ్బా కొట్టు. ఆయన భార్యను అక్క అన్నట్టు అమ్మ ఆపా అనేది, పిన్ని అన్నట్టు నేను ఖాలా అనేదాన్ని, ఆయన నాకు ఖాలూ. రెండిళ్ళ వాకిళ్ళ మధ్య ఒక గోడ. మా వైపు బట్టలుతికే బండ ఎక్కి అమ్మ, వాళ్ళ వైపు బోర్లించిన బకెట్ ఎక్కి ఖాలా, పొద్దున వంట అయ్యాక గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళని అడక్కండి. నేను చాలాసార్లు చెవి ఒగ్గి విన్నాను. అందులో ఒక్కటీ పనికొచ్చే మాట లేదు, అయినా ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు.

మా వీధిలో ఒక మర్యాద ఉంది. పక్కింటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పోకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరయినా పోసి ఇవ్వాలి. అందువల్ల ఆ గులాబీ ప్లేటుకు ఒక్కరోజు విశ్రాంతి లేదు. మా నుంచి సకినాలతో పోయేది, వాళ్ళ నుంచి ఖుబానీ మీఠాతో వచ్చేది. గారెలతో పోయేది, ఖీమా కూరిన లుఖ్మీలతో వచ్చేది. పైగా ఖాలా చెయ్యి మహా చురుకు. గోడ మీంచి ప్లేటు అటు పోతే, ఇటు మేం టీ తాగి గ్లాసు కిందపెట్టేలోపు ఏదో ఒకటి నింపుకుని తిరిగి వచ్చేది. "అరె బెహెన్, తుమారీ ప్లేట్!" అని ఆవిడ అరుపు. "నాది కాదు ఆపా, నీదే!" అని అమ్మ అరుపు. ఏళ్ళ తరబడి ఇదే లొల్లి.

ఇక మా ఇంట్లో రాజ్యం నాయనమ్మది. ఆవిడ గడప పక్కన నులకమంచం వేసుకుని కూర్చునేది. ఆడవాళ్ళు ఎవరు గడప దాటబోయినా ఒక్కటే ప్రశ్న: "పనేంది?" పిండి పట్టించుకురావాలంటే పో అనేది. దవాఖానకంటే పో అనేది. "ఊకెనే జర కూసోని మాట్లాడొస్త" అంటే మాత్రం ఆవిడ లెక్కలో అది పని కాదు. మనిషి చెడ్డది కాదు. ఆవిడ అత్తగారు ఆవిడను అలాగే అడిగిందట. మిగతా వీధంతా కూడా అలాగే ఉండేది. అందుకే ఆ గోడ, ఆ ప్లేటు. అమ్మకు స్నేహం అంటూ ఉన్నది అంతే.

ఒకరోజు ఖాలా గోడ మీద మోచేతులు ఆనించకుండా నిలబడింది. వాళ్ళు ఇల్లు మారుతున్నారు. బహదూర్‌పురాలో ఆయన అన్నగారింట్లో పైవాటా ఖాళీ అయింది, ఆదివారం సామాను ఎత్తేస్తున్నారు.

అమ్మ బండ దిగి వచ్చి బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. ఉతికినవే మళ్ళీ ఉతికింది. "పోతే పోనీ, నాకేంది?" అంది. నేనేమీ అడగలేదు. "బహదూర్‌పురా ఏమన్న లండనా?" అంది. లండన్ కాదు గానీ, నాయనమ్మ మంచం దాటి అక్కడికి పోవడం కంటే లండన్ పోవడమే తేలిక అని మా ఇద్దరికీ తెలుసు. ఆ పూట బాపు బనియను చిరిగేదాకా ఉతికి, ఆ తర్వాత దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నాకు అలవాటు లేదు. నాకు ఎవరి మీదనో కోపం వచ్చింది, ఎవరి మీదనో తెలియలేదు.

శనివారం సాయంత్రానికి అమ్మ మొహం మారిపోయింది. నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికి వేసింది. ప్లేటు అప్పుడు మా ఇంట్లో ఉంది.

"ఇగో, చెప్తున్న ఇను. ప్లేటు మన దగ్గరుంటే నేను ఇయ్యవోవాలె. మీ నాయనమ్మ పోనిస్తదా? నా కొడుకు సైకిల్ మీద ఇచ్చొస్తడు అంటది. గదే ప్లేటు ఆపా దగ్గరుంటే? ఆమె నింపి తేవాలె. వాళ్ళాయన దేనికీ అడ్డం చెప్పడు. అంటే ఆమె వస్తది!"

"ఐతే రేపు పొద్దున ఏదన్న పెట్టి ఇచ్చెయ్యి."

"పిచ్చిదానా! ఆమె సంగతి ఎరుక లేదా? చటుక్కున గిన్నెల వంపుకొని, చక్కెర పోసి నా మొహాన కొడ్తది. బండి కదిలే లోపట ప్లేటు మళ్ళ మన నెత్తినే. ఆమె ఒంపుకోరానిది ఏమన్న చెయ్యాలె. ఏముందో చెప్పు. కాలేజీల గవేగదా నేర్పుతుండ్రు!"

నేను అప్పుడు ఆడపిల్లల కాలేజీలో హోంసైన్సు చదువుతున్నాను. ఆ చదువు మీద మా ఇంట్లో ఎవరికీ గౌరవం లేదు. వంట నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకని నాయనమ్మ రోజూ అడిగేది. కానీ ఆ క్షణాన నాకు మా మేడం చేసి చూపించిన టార్ట్ గుర్తుకొచ్చింది. కింద బిస్కట్ల అడుగు, పైన కారమెల్, ఆపైన పండ్లు. ఓవెన్ లేనివాళ్ళు బిస్కట్లు పొడిచేసి వెన్నతో కలిపి ప్లేటుకే అదిమి పెట్టుకోవచ్చని, చల్లగా ఉంచితే దానంతటదే గట్టిపడుతుందని ఆవిడ చెప్పింది. గట్టిపడక ముందు కోస్తే మాత్రం అంతా కూలిపోతుందని కూడా చెప్పింది.

ఇది చెబుతుంటే అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"అంటే ప్లేటుల నుంచి తియ్యరాదా?"

"గట్టిపడేదాంక తియ్యరాదు. రాత్రి దాంక పడ్తది."

"వేరే గిన్నెల ఒంపరాదా?"

"ఒంపితే పాయసమే."

అమ్మ నా తల రెండు చేతులతో పట్టుకుని నడినెత్తిన ముద్దు పెట్టింది. నేను మెట్రిక్ పాసైనప్పుడు కూడా అమ్మ అంత సంబరపడలేదు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. కారమెల్ కోసం తీపి చిక్కటి పాల డబ్బా తెచ్చాను. అప్పట్లో కిరాణా కొట్టులో పై అరలో, దుమ్ము పట్టి, చంటిపిల్లలున్న ఇళ్ళ కోసం పెట్టేవాళ్ళు. దాన్ని మూత తియ్యకుండా నీళ్ళల్లో ముంచి గంటల తరబడి ఉడికించాలి. లోపల పాలు తేనెరంగులోకి తిరిగి చిక్కబడతాయి. ఈ ముక్క నాయనమ్మకు చెప్పడమే నా బుద్ధితక్కువ.

"మూత తియ్యకుంటనా? ఇనుప డబ్బాను? పొయ్యి మీదనా?" అని ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది.

"నీళ్ళు తగ్గకుంట చూసుకుంటె ఏం కాదు నాయనమ్మా."

"తగ్గితే?"

"తగ్గితే పేలుతది. తగ్గనియ్యం గదా!"

ఆవిడ వెంటనే మంచం ఎత్తించి వీధిలో వేపచెట్టు కిందకు మార్పించింది. దారిన పోయే ప్రతి మనిషికీ "మా ఇంట్ల బాంబు ఉడుకుతుంది, జర దూరంకెల్లి పో" అని చెప్పింది. కాసేపటికి మా గల్లీలో ఒక్క మనిషి తిరగలేదు. బాపు మాత్రం పేపరు తిరగేస్తూ వంటింటి గడపలోనే కూర్చున్నాడు. స్తంభాలెక్కే మనిషికి పాలడబ్బా లెక్కా అని గొప్పలు పోయాడు గానీ, నీళ్ళు బుడబుడమన్నప్పుడల్లా పేపరు వెనకనుంచి తొంగి చూశాడు.

డబ్బా ఉడుకుతుండగా ఉస్మానియా బిస్కట్లు రోట్లో వేసి దంచాను. ఆ బిస్కట్టు ఉప్పూతీపీ కలిసి, పట్టుకుంటేనే రాలిపోయేంత గుల్లగా ఉంటుంది. టార్ట్ అడుగుకు అంతకన్నా మంచిది ప్రపంచంలో లేదని ఇప్పటికీ వాదిస్తాను. దంచినదాంట్లో కొంత నా నోట్లోకే పోయింది. ఇంట్లో చిలికిన వెన్న కలిపి, తడి ఇసుకలా అయ్యాక గులాబీ ప్లేటులో పోసి, గిన్నె అడుగుతో అదిమి, అంచుల దాకా లేపి గట్టు కట్టాను. గులాబీ కనబడకుండా పోయింది. ప్లేటు అమ్మ చేతిలో పెట్టి, పండ్లకూ ఐసుగడ్డకూ బజారుకు పోయాను. వీధిలో నాయనమ్మ "పనేంది?" అంది. "ఐసు" అన్నాను. "పో, జల్దీ తెచ్చి ఆ బాంబు మీద పొయ్యి" అంది.

ద్రాక్ష ఆఖరు రోజులు, మామిడి మొదటి రోజులు. పొడుగు ఆకుపచ్చ ద్రాక్షగుత్తి, మెత్తబడిన సపోటాలు, ఒక బొప్పాయి, బేరమాడి బేరమాడి ఒకే ఒక్క మామిడిపండు, గోనెసంచిలో పొట్టు చుట్టిన ఐసుగడ్డ. రెండు చేతులా మోసుకుంటూ, చెప్పు తెగితే దాన్ని కూడా సంచిలో వేసుకుని ఇంటికి పరిగెత్తాను. నాకు ఆ రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు.

వంటింట్లోకి వచ్చి చూస్తే ప్లేటులో నా బిస్కట్ల అడుగు నిగనిగా మెరుస్తోంది. రంగు కూడా మారింది.

"ఇదేంది?"

"వేలు పెట్టి చూసిన, రాలిపోయింది" అంది అమ్మ, పెద్ద ఘనకార్యం చేసినట్టు. "బహదూర్‌పురా దాంక రిక్షాల పోవాలె గదా! తొవ్వల గుంతలు ఎట్లున్నయో ఎరుక లేదా? అందుకే జర బెల్లం పాకం పోసిన."

"ఏ పాకం?"

"పల్లిపట్టీ పాకం."

నేను గట్టిగా అరిచాను. వీధిలో నాయనమ్మ డబ్బా పేలిందనుకుని "అయ్యయ్యో" అని అందుకుంది. పల్లిపట్టీ పాకమంటే చల్లబడితే రాయి. మా అమ్మ పల్లిపట్టీ అంటే వీధిలో పేరు, దాన్ని రోకలితో కొట్టి పంచేవాళ్ళం. వెన్న వేసిన అడుగు ఐసు మీద పెడితే గట్టిపడుతుందని అమ్మకు నేను చెప్పనేలేదా అంటే, చెప్పాను. నమ్మలేదు. ఎండాకాలం వెన్న ఎవరి మాటా వినదని ఆవిడ నమ్మకం. మళ్ళీ చెయ్యడానికి బిస్కట్లు లేవు, పొద్దు కూడా లేదు.

"ఫికర్ చేయకు, కరకరలాడ్తది" అంది అమ్మ.

డబ్బాను చల్లార్చి బాపు ముందు పెట్టాం. మా ఇంట్లో డబ్బా కోసే పరికరం లేదు. ఆయన తన పనిముట్ల సంచీ తెచ్చుకుని, స్క్రూడ్రైవరూ సుత్తీ పెట్టి చుట్టూ చిల్లులు పొడిచి, కరెంటు తీగలు కత్తిరించే పటకారుతో మూత వంచాడు. లోపల కారమెల్! నిండు గోధుమరంగు, చెంచా నిలబడేంత చిక్కన, పాలకోవా వాసన. అందరి వేళ్ళూ ఒకేసారి డబ్బాలోకి పోయాయి. బాంబు పేలదని తేలాక నాయనమ్మ కూడా లోపలికి వచ్చి, "ఏదీ, జర చూడనీ" అని నాలుక చాపింది. మింగి, "కాలేజీల గిది నేర్పిండ్రా? ఇన్నొద్దులు చెప్పవైతివే!" అని నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బతో నా చదువుకు ఇంట్లో మర్యాద వచ్చింది.

మిగిలిందంతా అడుగు మీద పరిచి, ఐసు గడ్డలు నింపిన బేసిన్‌లో ప్లేటు పెట్టాం. పండ్లు పేర్చడం అమ్మ చేసింది. ముగ్గు వేసే మనిషి కదా, నన్ను దగ్గరికి రానివ్వలేదు. చుట్టూ బొప్పాయి ముక్కలు, లోపల సగానికి కోసిన ద్రాక్ష, ఆ లోపల సపోటా, నట్టనడుమ మామిడి రేకులతో ఒక పువ్వు. కింద దాగిన గులాబీకి సరిగ్గా పైన.

పక్కింటి ముందు సామాను బండి నిండిపోయింది. ఖాలా బురఖా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ ప్లేటు రెండు చేతులా పట్టుకుని, నాయనమ్మ అడిగేలోపే "ప్లేటు ఇయ్యనీకి" అని చెప్పి, మా గడప దిగి వాళ్ళ గడప ఎక్కింది. వెనక నేను.

"అల్లా!" అంది ఖాలా. "యే క్యా హై? పండ్ల దుకాణమా?" వెంటనే చెంచా కోసం మూట విప్పబోయింది.

"నక్కో ఆపా, నక్కో! రాత్రి దాంక ముట్టొద్దు. గట్టిపడాలె. ప్లేటుల నుంచి తీస్తే మొత్తం పాడైతది" అని అమ్మ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

ఖాలా అమ్మ మొహంలోకి చూసింది. మెల్లగా తన కుడి గుప్పిట విప్పింది. అందులో కాగితం పొట్లం. చక్కెర! ప్లేటు వచ్చీరాగానే నింపి తిప్పికొట్టడానికి ఆవిడ పొద్దున్నుంచీ సిద్ధంగా పెట్టుకుంది.

"బహుత్ చాలాక్ హోగయే తుమ్" అంది, మహా తెలివి మీరిపోయావన్నట్టు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి ఒకరి భుజం మీద ఒకరు వాలి, ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు. బండివాడు రెండుసార్లు పిలిచాడు. చివరికి ఖాలా రిక్షా ఎక్కి, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని పోయింది. గల్లీ మలుపు తిరిగేదాకా మామిడి పువ్వు మెరుస్తూనే ఉంది.

ఇంటికొచ్చి అమ్మ రాణిలాగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఇగ చూడు, వారం తిరగకముందే వస్తది." అప్పుడు నా నోరు ఊరుకోలేదు.

"అమ్మా, ఖాలూకు కొట్టు ఇక్కడనే ఉంది గదా? రోజూ సైకిల్ మీద వస్తడు. ప్లేటు ఆయన చేతికిచ్చి పంపిస్తే?"

అమ్మ చాపిన కాళ్ళు ముడుచుకుంది. ఇంత పథకం వేసి, ఇంత పాకం పోసి, గల్లీ మొదట్లో ఉన్న గడియారాల కొట్టును మేమిద్దరం మరిచిపోయాం. ఇంతకన్నా తెలివైనవాళ్ళు హైదరాబాదులో ఎక్కడా ఉండరు.

మర్నాటి నుంచి సైకిల్ బెల్లు వినబడితే చాలు, అమ్మ కిటికీకి అతుక్కుపోయేది. ఖాలూ సైకిల్ క్యారేజీ మీద ఏముంది? టిఫిన్ డబ్బా. మర్నాడు? టిఫిన్ డబ్బా. ఒకరోజు గుండ్రంగా, గుడ్డలో చుట్టి, సరిగ్గా ప్లేటంత వస్తువు కనబడింది. అమ్మ నన్ను ఉరికించింది. తీరా చూస్తే ఎవరింట్లోదో గోడ గడియారం. అమ్మ ఆనందంతో ఆ పూట నాకు పూరీలు చేసింది. పాపం ఆ మనిషికి మా చూపులు అర్థం కాక, మా ఇంటి ముందు సైకిల్ దిగి, సలాం చేసి, నడిపించుకుంటూ పోవడం అలవాటు చేసుకున్నాడు.

వారం తిరిగింది. ఇంకో వారం కూడా పోయింది. ప్లేటు రాలేదు, మంచిదే. కానీ ఖాలా కూడా రాలేదు. అమ్మ బట్టలుతికే బండ మీద నిలబడి అవతలి ఖాళీ వాకిలి చూసేది. "మరిచిపోయిందేమో తీ. కొత్త ఇల్లు, కొత్త మనుషులు" అనేది. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ గొంతు వింటే నాకు ఖాలా మీద వొళ్ళు మండేది.

మామిడిపండ్లు బజారు నిండా పడ్డాక, ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు రిక్షా ఆగింది. అందులోంచి ఖాలా దిగింది. చేతిలో గుడ్డ చుట్టిన ప్లేటు. దిగుతూనే కేకలు.

"ఏం చేసిచ్చినవ్ బెహెన్? సిమెంటా?"

అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఖాలా గుడ్డ విప్పింది. పైన కారమెల్, పండ్లు లేవు, ఆ రాత్రే పిల్లలు నాకేశారట. అడుగు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది. బిస్కట్లు, బెల్లం, రేకు ప్లేటు మూడూ కలిసి ఒకే వస్తువైపోయాయి.

"చాకు వంగిపోయింది జీ! మా పెద్దోడి పన్ను కదిలింది! మా ఇంటాయన రోజూ అడుగుతడు, ప్లేట్ దేదో, నేనే ఇచ్చొస్త అని. ఎట్లిస్త? ఖాలీ కాని ప్లేటు ఎట్లిస్త? వాళ్ళ ఇంటి మీఠా వాళ్ళకే వాపస్ పంపుతరా? ఇజ్జత్ ఉంటదా? నీళ్ళల్ల నానబెట్టుమన్నడు. తినేది తీస్కపోయి నాలీల పోస్తనా, తౌబా! ఆఖర్కి చెప్పిన, చేసినోళ్ళ చేతుల్తోనే తీయించుకొస్త, నేనే పోవాలె, నువ్వు పోతే సమజ్ కాదు అని."

అమ్మ అక్కడే కూలబడి నవ్వింది. చక్కెర పోసిన ప్లేటును ఎవరైనా తెచ్చివ్వొచ్చు. కానీ ఊడని అడుగుతో ఉన్న ప్లేటును ఖాలా తప్ప ఇంకెవరూ తేలేరు. పథకం పనిచెయ్యలేదు, పాకం పనిచేసింది.

గడపలోంచి నాయనమ్మ అంతా చూసింది. "పనేంది?" అని అడగబోయి, ప్లేటు చూసి మానుకుంది. అడుగు ఊడగొట్టడం అక్షరాలా పనే. ఆవిడే పచ్చడిబండ తెప్పించింది. "బోర్లించి కొట్టుండ్రి. అట్ల కాదు, పక్కకెల్లి!" అని మంచం మీంచి మేస్త్రీలాగా హుకుం చేసింది. అమ్మ పట్టుకుంది, ఖాలా కొట్టింది. నాలుగు దెబ్బలకు అడుగు పగిలి వాకిలంతా ఎగిరింది. ఉప్పటి బిస్కట్టూ వెన్నా బెల్లం కలిసిన ఆ పెచ్చులు ఎంత బాగున్నాయో చెప్పలేను. పళ్ళున్నవాళ్ళం కొరికాం. నాయనమ్మ బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ, ఖాలా చెప్పే బహదూర్‌పురా కబుర్లు వింది. అక్కడి జూ నుంచి వినబడే సింహం గర్జనకు ఖాలా అత్తగారు ఎలా ఉలిక్కిపడుతుందో ఖాలా చేసి చూపిస్తే, మా నాయనమ్మ బోసినోరు తెరిచి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆ సాయంత్రం దాకా మా వాకిట్లో ఎవరూ లేవలేదు. గులాబీకి ఒక రేకు దగ్గర పింగాణీ ఊడిపోయింది, అంతే నష్టం.

ఖాలా రిక్షా ఎక్కాక చూస్తే, కడిగిన ప్లేటు మా బండ మీదే ఉంది. అమ్మ పట్టుకుని ఉరికింది. "ఆపా! నీ ప్లేటు!"

"తుమారీచ్ హై బెహెన్!" అని ఖాలా అరిచింది. రిక్షా ఆగలేదు. వెనక్కి తిరిగిన ఆ మొహంలో నవ్వు చూస్తే నాకు తెలిసిపోయింది, మరిచిపోలేదు, కావాలనే వదిలింది.

ఇప్పుడు ప్లేటు మా ఇంట్లో. మేం అనుకున్న మాటే నాయనమ్మ అంది. "సకినాలు పెట్టియ్యి. నా కొడుకు సైకిల్ మీద ఇచ్చొస్తడు."

"గట్లనే అత్తమ్మా" అంది అమ్మ. అంత వినయంగా అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఆదివారం పొద్దున నన్ను తట్టి లేపింది. "గా టార్ట్ మళ్ళ చెయ్యాలె."

"బెల్లం ముట్టుకుంటే నేను చెయ్య."

"బెల్లం వద్దు. కారమెల్‌ల జర పాలు కూడ పొయ్యి. ఈసారి గట్టిపడొద్దు."

"గట్టిపడకుంటే ఒలుకుతది గదా అమ్మా?"

"ఒలకాలె" అంది అమ్మ, నా కళ్ళల్లోకి చూస్తూ.

నాకు అర్థమైంది. గబగబా దంచాను, అదిమాను, డబ్బా ఉడికించాను. నాయనమ్మ ఈసారి మంచం కదపలేదు, వేలు నాకడానికి దగ్గరలోనే కూర్చుంది. కారమెల్ వేళ్ళ సందుల్లోంచి జారేలా పలచన చేశాను. దాని మీద రసాలు, బేనిషాన్లు, బజారులో దొరికిన మామిడిపండ్లన్నీ ముక్కలు కోసి గుట్ట పోశాం. ప్లేటు కొంచెం కదిపితే గుట్టంతా ఒక పక్కకు నడిచేది.

బాపు సైకిల్ తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. క్యారేజీ మీద ప్లేటు పెట్టి చూశాడు. కారమెల్ అంచు దాకా వచ్చింది. హ్యాండిల్‌కు సంచీలో తగిలిద్దామని చూశాడు. ఒక మామిడిముక్క ఆయన చెప్పు మీద పడింది. "ఇది నా తోని కాదు" అని ప్లేటు అమ్మ చేతికి ఇచ్చేశాడు.

అమ్మ ప్లేటు పట్టుకుని, తల వంచుకుని నిలబడింది. నాయనమ్మ ప్లేటు వంక చూసింది. సైకిల్ వంక చూసింది. ఆ తర్వాత కోడలి వంక చాలాసేపు చూసింది.

"సైకిల్ మీద ఎట్ల పోతది గది? ఒళ్ళె పెట్టుకొని పోవాలె" అంది చివరికి. "చీర మార్చుకో. బస్సుల కిటికీ దగ్గర కూసో."

అమ్మ తల ఎత్తింది. నాయనమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఊపింది.

"ప్లేటు ఆడనే ఇడిచిపెట్టి రా. ఆమె మళ్ళ రావాలె గదా, గా సింహం ముచ్చట సగంల ఆపి పోయింది."

బస్సు దాకా నేను వెంట పోయాను. అమ్మ ఒక్కతే బస్సెక్కడం నేను చూడటం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చుంది. రెండు చేతులూ ప్లేటుకే సరిపోవడం వల్ల నాకు చెయ్యి ఊపలేకపోయింది. నవ్వడానికి చేతులు అక్కర్లేదు కదా, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది.

నేను ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గడపలో మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. కూరగాయల బండి ఆమె వచ్చి కోడలు ఏదని అడిగింది. నాయనమ్మ వీధి అంతా వినబడేలా చెప్పింది.

"నా కోడలు పని మీద పోయింది."